ఐదున్నర సందేశము: సటీకా తాత్పర్యము

మూలము: “రేపు ఐదున్నరకు నానక్‌రామ్‌గూడ. చలి లేదు, జాకెట్లు వద్దు. నో డ్రాప్ రైడ్.”

అవతారిక: సంక్రాంతికి వారము ముందు, ఒక శనివారము రాత్రి పదిగంటల వేళ, మా సైకిలు సంఘపు నాయకుడు సభ్యులందఱి ఫోనులకును ఒక్కసారిగా పంపిన యీ గ్రంథము, చూచుటకు మూడు వాక్యములే యైనను, అర్థగాంభీర్యమున పండితులను సైతము తడబఱచునది గనుక, మందబుద్ధుల హితముకొఱకు, అందును ముఖ్యముగా ఆ ఉదయము జాకెట్టు తొడిగికొని పోయిన నావంటివాని హితముకొఱకు, వ్యాఖ్యానింపబడుచున్నది.

టీక: రేపు = ఆదివారమున; హైటెక్ సిటీ ఉద్యోగుల సైకిలుకు వేఱొక రేపు లేదు. ఐదున్నరకు = ఆఱుంబావునకు. గంగలో గొల్లపల్లె యనిన గంగయొడ్డున నని గ్రహించునట్లు, ఇచటను లక్షణావృత్తిచే సామీప్యార్థమును గ్రహింపవలెను. ముఖ్యార్థమును నమ్మి ఐదున్నరకే పోయినవానికి వీధికుక్కల సాంగత్యము తప్ప వేఱు ఫలము లేదు; ఇది స్వానుభవము.

నానక్‌రామ్‌గూడ = ఔటరు రింగు రోడ్డు వెంబడి, 2023 అక్టోబరు 1న ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాటకు ఒక మొదలు. అచటినుండి పోలీసు అకాడమీ వఱకు 8.5 కిలోమీటర్లు, తక్కిన 14.5 నార్సింగి నుండి కొల్లూరునకు. పైకప్పు అంతయు సౌరఫలకములు; వాని సామర్థ్యము 16 మెగావాట్లు. మన నెత్తిన పడవలసిన యెండను పైననే పట్టి కరెంటు చేయు ఉపాయము మెచ్చదగినదే. మఱి కప్పుండగా ఎండ బాధ యేమని శంక. సమాధానము: పుష్యమాసపు ఎనిమిదిగంటల సూర్యుడు ఆగ్నేయమున ఇంకను క్రిందనే యుండి, కప్పు చూరు క్రిందినుండి అడ్డముగా దూఱివచ్చును. కప్పునీడ బాటను వదలి, పడమటగా, అడుగని మోటారుబండ్లపై పోయి పడును. మాకు పోవునపుడు ముఖమునను, వచ్చునపుడు వీపునను ఎండయే.

చలి లేదు = ఇదియే యీ గ్రంథమునకు గ్రంథి. ఈ లేమి తార్కికులు చెప్పు నాలుగభావములలో నేది? ఇక రాబోవునను ఆశావాదులకు ప్రాగభావము. కార్తికముననే వచ్చి పోయినదను ముసలివారికి ప్రధ్వంసాభావము. చెన్నపట్టణమునుండి బదిలీయై వచ్చిన మా సభ్యుడొకడు అత్యంతాభావము తప్ప వేఱొకటి యెఱుగడు. నిజమునకు మన చలి ఉత్తరపు పొడిగాలికిని, నిర్మలమైన రాత్రి యాకాశమునకును ఋణపడియున్నది. గాలి తూర్పునకు తిరిగి, బంగాళాఖాతపు తేమను మోసికొనివచ్చి మబ్బు కప్పెనా, పగటి వేడి రాత్రి పైకి పోజాలక నేలనే అంటియుండును. ఆ రాత్రియు మబ్బుపట్టి, తెల్లవాఱునప్పటికి విడిపోయెను. పంఖా వేసికొని పడుకొంటిమి.

జాకెట్లు వద్దు = నిషేధము. నేను దీనిని అర్థవాదమని, అనగా చలి తగ్గినదని చెప్పుటకు చేసిన అతిశయోక్తియని, అన్వయించుకొంటిని. క్యాలెండరు చూచి బట్ట తొడుగువానికి ఇట్టి అన్వయము సహజము. పోలీసు అకాడమీ కడకు పోవునప్పటికి చెమట హెల్మెట్టు పట్టీపై తెల్లని ఉప్పుగీతగా ఎండెను. జాకెట్టు విప్పి నడుమునకు కట్టితిని.

నో డ్రాప్ రైడ్ = ఎవరిని గాని వెనుక వదలి పోరాదను నియమముగల యాత్ర. ఇందుకై చిట్టచివర నొకడు నియుక్తుడగును. వానిని స్వీప్ అందురు. ఆనాటి స్వీపు ఇరువదినాలుగేండ్ల పిల్లవాడు. ముప్పది వేగమున పోగల కాళ్లను నాకొఱకు పండ్రెండునకు కుదించుకొని, అరమైలునకొకసారి “పర్లేదు సార్, మెల్లగా రండి” అనుచుండెను. ఈ “పర్లేదు” అను పదమునకు వాచ్యార్థము దయ. వ్యంగ్యార్థము నా వయస్సు.

తాత్పర్యము: రేపు వేడిగా నుండును, త్వరగా రండు, తేలికగా రండు.

విశేషము: తిరుగుదారిని, నార్సింగి దాటిన పిదప, నడుమున కట్టిన జాకెట్టు ముడి సడలి, దాని కుడిచేయి వెనుకచక్రపు పుల్లలలో చిక్కుకొని రెండు చుట్లు చుట్టుకొనెను. బండి నిలిచినది, నేను నిలువలేదు. మోచేయి దులుపుకొని లేచునప్పటికి స్వీపు పిల్లవాడు మోకాళ్లపై కూర్చుండి, చక్రమును వెనుకకు త్రిప్పుచు, నల్లని మడ్డి పట్టిన ఆ చేతిని అంగుళమంగుళముగా లాగుచుండెను. లాగుచునే తల యెత్తక అడిగెను: “నిన్న రాత్రి మెసేజ్ చూడలేదా సార్?”

చూచితిని గాని, అప్పటికి దానికి వ్యాఖ్యానము లేదంటిని.