కమోడుకు కాపలా

2025 అక్టోబరు, నవంబరు నెలల సాంకేతిక వార్తలను ఒకచోట చేర్చి చదివే పరిశీలకుడికి, దేనికి తాళం వేయాలి, దేన్ని తెరిచి ఉంచాలి అనే విషయంలో నాగరిక ప్రపంచం ఇంకా ఒక నిర్ణయానికి రాలేదేమో అన్న సందేహం కలగక మానదు. విలువైన వాటికి కాపలా పెట్టి తక్కినవాటిని వాటి మానాన వదిలేయడం పూర్వాచారం. ఆ ఆచారం తలకిందులైందనడానికి ఒక సాక్ష్యం ప్యారిస్ మ్యూజియంలోనూ, మరొకటి అమెరికన్ల మరుగుదొడ్లలోనూ లభిస్తున్నాయి.

మరుగుదొడ్డితో ప్రారంభించడం మర్యాద కాదు కనుక మ్యూజియాన్ని ముందు పరిశీలించవలసి ఉంటుంది. అక్టోబరు 19, ఆదివారం ఉదయం, సందర్శకులు లోపల తిరుగుతున్న వేళలోనే, సెన్ నది వైపున లూవ్ర్ మ్యూజియం గోడ పక్కన ఒక లారీ ఆగింది. పై అంతస్తుల్లోకి బీరువాలు, సోఫాలు చేరవేసే నిచ్చెన లిఫ్టు దాని మీద ఉంది. ఆ లిఫ్టులో బాల్కనీకి చేరినవారు కటింగ్ మెషిన్లతో పని ముగించుకుని, అపోలో గ్యాలరీలోని రాచనగల్లో ఎనిమిదింటిని చేజిక్కించుకుని, వచ్చింది మొదలు ఎనిమిది నిమిషాలు గడవకముందే వెళ్లిపోయారు. తొందరలో యూజెనీ మహారాణి కిరీటాన్ని జారవిడిచారు గానీ, పట్టుకుపోయిన వాటి విలువే 8.8 కోట్ల యూరోలని అధికారులు లెక్కగట్టారు. అటువైపు గోడకున్న ఒకే ఒక్క కెమెరా పడమటి దిక్కుకు తిరిగి ఉన్నందున బాల్కనీ దాని కంట పడలేదని మ్యూజియం అధ్యక్షురాలు ఫ్రెంచి సెనేటు సభ్యులకు విన్నవించారు. ఆ ఉదయం పడమటి దిక్కున ఏ దోపిడీ జరగలేదని మాత్రం దీన్నిబట్టి నిశ్చయంగా చెప్పవచ్చు.

అసలు రసవత్తరమైన ఘట్టం ఆ తరువాతిది. ఫ్రెంచి ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ 2014లోనే ఈ మ్యూజియంలో తనిఖీ జరిపిందని, వీడియో నిఘా సర్వరులోకి ప్రవేశించడానికి తనిఖీదారులకు ‘లూవ్ర్’ అని టైపు చేయడమే సరిపోయిందని, తాలెస్ అనే కంపెనీ అందించిన మరో సాఫ్ట్‌వేరుకు ‘తాలెస్’ అన్నదే పాస్‌వర్డ్‌గా ఉండేదని లిబెరాసియోన్ పత్రిక బయటపెట్టింది. పాస్‌వర్డ్ అంటే సంబంధితులకు తప్ప ఇతరులకు తెలియకూడని మాట అని నిర్వచనం. సంస్థ పేరునే అందుకు ఎంచుకోవడంలో ఉన్న సౌలభ్యం ఏమిటంటే, దాన్ని మరిచిపోయిన ఉద్యోగి బయటికి వచ్చి ఒకసారి బోర్డు చూసుకుంటే చాలు. ఇంటిపేరు పక్కన 123 చేర్చుకుని నిశ్చింతగా నిద్రపోయే తెలుగు ఖాతాదారులు భద్రత విషయంలో ఫ్రెంచివారి కంటే మూడంకెలు ముందున్నారని ఈ సందర్భంగా గుర్తించడం న్యాయం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత కూడా ఇక్కడ వరుస తప్పింది. కుక్క పదకొండేళ్ల ముందే మొరిగింది, ఆ మొరుగుడు ఫైల్లో భద్రంగా ఉంది. దొంగలు ఏ పాస్‌వర్డునూ వాడలేదన్నది వేరే సంగతి. కిటికీ ఉండగా కంప్యూటరుతో వారికేం పని? ఆ లిఫ్టును తయారుచేసిన బోకర్ అనే జర్మన్ కంపెనీ మాత్రం సందర్భాన్ని వృథా పోనివ్వక, తమ యంత్రం 400 కిలోల బరువును నిమిషానికి 42 మీటర్ల వేగంతో, పెద్దగా చప్పుడు లేకుండా మోయగలదని దోపిడీ జరిగిన చోటి ఫోటోతోనే ప్రకటన వేసుకుంది.

కిరీటాల సంగతి ఇలా ఉండగా, అదే నెలలో స్నానాలగదుల సామగ్రికి పేరుమోసిన కోలర్ అనే అమెరికన్ కంపెనీ డెకోడా అనే పరికరాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇది కమోడు అంచుకు తగిలించే కెమెరా. దృష్టి ఎప్పుడూ కిందికే ఉంటుందని కంపెనీ హామీ. లోపల పడినదాన్ని పరిశీలించి, ఒంట్లో నీటిశాతం ఎలా ఉంది, జీర్ణం ఎలా జరుగుతోంది, రక్తపు జాడలు ఏమైనా ఉన్నాయా అన్న వివరాలను ఇది ఫోనుకు పంపుతుంది. ధర 599 డాలర్లు, అంటే యాభై వేల రూపాయల పైమాట; నెలనెలా చందా దీనికి అదనం. ఒకరి ఖాతాలో మరొకరిది జమ కాకుండా ఉండేందుకు, వాడేవారు ఎవరో వేలిముద్ర ద్వారా ధ్రువీకరించుకునే ఏర్పాటు కూడా చేశారు. సామ్రాజ్ఞుల నగలను చూసే కెమెరాలకు ఒకప్పుడు లేని జాగ్రత్త, ఎవరూ ఎత్తుకుపోవడానికి ఆశపడని పదార్థానికి ఆ విధంగా లభించింది.

ఈ సమాచారమంతా ‘ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్’తో భద్రంగా ఉంటుందని కంపెనీ మొదట చెప్పుకుంది. పంపినవారూ అందుకున్నవారూ తప్ప, మధ్యలో సందేశాన్ని మోసే కంపెనీ సైతం చదవలేని సంకేత లిపిలోకి దాన్ని మార్చడమే ఆ మాటకు నిపుణులు ఇచ్చే అర్థం. ఒక భద్రతా పరిశోధకుడు ఆరా తీయగా, ఇక్కడ ఒక కొసన మనిషి కూర్చుని ఉంటే రెండో కొసన ఉన్నది కంపెనీ సర్వరేనని, అక్కడికి చేరాక ఆ సమాచారాన్ని విప్పి చదవడం జరుగుతుందని డిసెంబరులో తేలింది. ఉత్తరం మరెవరి కంటా పడదని మాట ఇచ్చినవారే చిరునామాదారులు కూడా అయినప్పుడు, మాట తప్పారని అనడానికి కూడా వీలుండదు.

తాళాల నుంచి తీగల వైపు మళ్లితే, లూవ్ర్ దోపిడీ మరునాడే, అక్టోబరు 20న, అమెరికా తూర్పు తీరంలో రాత్రి మూడు గంటలు కావస్తుండగా, వర్జీనియాలోని అమెజాన్ సర్వర్ల సముదాయంలో ఇబ్బంది తలెత్తింది. సర్వరు పేరు చెబితే దాని సంఖ్యా చిరునామా చూపే పట్టికను డీఎన్‌ఎస్ అంటారు. ఆ పట్టికను చూసుకునే రెండు స్వయంచాలక ప్రోగ్రాముల్లో ఒకటి ఆలస్యంగా నడిచి పాత చిరునామాలను కొత్తవాటి మీద రాసింది; రెండోది పాతవి కనబడగానే, తన విధి అదే కనుక, తుడిచేసింది. ఇద్దరూ నియమం తప్పలేదు, చిరునామా మాత్రం మిగలలేదు. దాంతో ఎన్నో యాప్‌లు గంటల తరబడి మూగబోయాయి. వాటిని ఎవరైనా క్షమించవచ్చు గానీ, మంచాలు కూడా ఆగిపోవడాన్ని పరిశోధకులు ప్రత్యేకంగా పరిశీలించవలసి ఉంది. ఎయిట్ స్లీప్ అనే కంపెనీ, పరుపు మీది తొడుగులో నీటి గొట్టాలు అమర్చి, ఒంటికి కావలసినంత వేడినో చల్లదనాన్నో అందించే పడకను రెండు వేల డాలర్లకు పైబడిన ధరకు అమ్ముతోంది. పడుకున్న మనిషి కోరిక పక్కనే ఉన్న యంత్రానికి చేరాలంటే ముందుగా ఆ సర్వర్ల దాకా వెళ్లి రావాలి. ఆ రాత్రి వెళ్లినది తిరిగి రాలేదు. వేడి పెట్టుకున్నవారు వేడిలోనే ఉడికిపోగా, తలవైపు ఎత్తు పెంచుకున్నవారు తెల్లవార్లూ కూర్చున్నట్టే ఉండిపోయారు. కంపెనీ అధినేత క్షమాపణ చెప్పి, ఇంటర్నెట్ లేకున్నా బ్లూటూత్‌తో మంచాన్ని అదుపు చేసుకునే వెసులుబాటు కల్పించారు. మంచానికీ మనిషికీ మధ్య నేరుగా మాటలు కలిసేలా చేయడం ఈ శతాబ్దపు ఆవిష్కరణగా నమోదైనా ఆశ్చర్యం లేదు.

ఇలాంటి వేళల్లో ఏమి చేయాలో శంషాబాద్ విమానాశ్రయం ఏడాది ముందే చూపింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన అప్‌డేట్‌లో, ఇరవై అంశాలు మాత్రమే అందే చోట ఇరవై ఒకటోదాన్ని వెతికిన ఫలితంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపి కూలబడగా, హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి పెన్నుతో రాసిన బోర్డింగ్ పాస్ అందింది. ఆ దస్తూరీని చదవడానికి కళ్లజోడు తప్ప వేరే పరికరం అవసరం పడలేదు. ఆ కంపెనీ అధ్యక్షుడు మరుసటి నెలలో హ్యాకర్ల సభకు స్వయంగా వెళ్లి, ఘోర వైఫల్యానికి ఇచ్చే బహుమతిని అందుకున్నారు. ఇంతటి నిజాయితీ భద్రతా రంగంలో అరుదు.

మళ్లీ 2025 వార్తలకు వస్తే, శాంసంగ్ సంస్థ అమెరికాలో, 1,800 డాలర్ల నుంచి మొదలయ్యే తన తెర ఉన్న ఫ్రిజ్‌ల తలుపుల మీద సాఫ్ట్‌వేరు ద్వారా ప్రకటనలు చూపడం ప్రారంభించింది. ఇచట ప్రకటనలు అంటించరాదని ప్రహరీగోడల మీద రాసుకునే అలవాటున్న మన ఊళ్లకు ఈ పద్ధతి వస్తే, ఆ వాక్యాన్ని పాలప్యాకెట్ పక్కన ఎక్కడ రాయాలన్నది చర్చనీయాంశం.

ఆ రెండు నెలల్లో సర్వరు గానీ చందా గానీ పాస్‌వర్డు గానీ అక్కరలేని ఆవిష్కరణ ఒకే ఒక్కటి. జపాన్‌కు చెందిన ఇస్సే మియాకే సంస్థతో కలిసి ఆపిల్ నవంబరులో విడుదల చేసిన ఐఫోన్ పాకెట్, ఫోను పెట్టుకోవడానికి అల్లిన సాగే గుడ్డసంచి. పొట్టి పట్టీది 149.95 డాలర్లు, పొడుగు పట్టీది 229.95 డాలర్లు. తెలుగు పల్లెల్లో ముసలమ్మలు ఆకూ వక్కా, చిల్లర డబ్బులూ వేసుకుని రొండిన దోపుకునే తిత్తి కూడా అలాంటిదే గానీ, తిత్తికి మూతి బిగించే తాడు ఉంటుంది. ఇరవై వేల రూపాయల సంచికి అది లేదు. అయినా అమెరికాలో ఆన్‌లైన్ అమ్మకానికి పెట్టిన రోజే సరుకంతా ఖాళీ అయింది.