మా రోజుల్ల దవాఖాన

మా రోజుల్ల దవాఖానకు పోతే ముందు వాసనొచ్చేది, తర్వాత దవాఖాన కనవడేది. గేటు ఇంకా దూరం ఉండంగనే ఫినాయిలు గుప్పున ముక్కుకు తాకేది, దాని ఎనుకనే లైసాలు, స్పిరిటు. ఇప్పటి పిల్లలకు ఆ వాసనంటే కడుపుల తిప్పుతదట. ఇప్పుడు గేటు కాడ మిర్చి బజ్జీల వాసన, లోపటికి పోతే ఏసీ గాలిల మల్లెపూల సెంటు. వాసన మంచిగనే ఉంటది బిడ్డా, కాదనను. కాని సెంటు కొట్టిండ్రంటే దాని కింద ఏదో దాస్తున్నరనే నాకు అనుమానం. ఫినాయిలు వాసనొస్తే ఎవరో ఇప్పుడే తుడిచి పోయిండ్రని తెలిసేది.

మాది జైపూరు. మంచిర్యాలకెల్లి చెన్నూరు రోడ్డు పట్టుకొని వస్తే ఇందారం దాటినంక తగులుతది. బొగ్గు భూమి కింద ఉంటదని పేరుకే, సగం బొగ్గు మా ఇండ్లల్ల, బట్టలల్ల, ఛాతిల ఉంటది. దానికి తోడు ఇప్పుడు పెగడపల్లి కాడ సింగరేణోళ్ల కరెంటు ప్లాంటు, 600 మెగావాట్లవి రెండు యూనిట్లు. 2016 ఆగస్టుల ప్రధానమంత్రి గజ్వేలుకు వచ్చి, అక్కడికెల్లే దాన్ని జాతికి అంకితం చేసిండు. బొగ్గు లారీలు, బూడిద లారీలు పొద్దుమాపు తిరుగుతనే ఉంటయి. ఇసొంటి జాగల దవాఖానను తెల్లగ ఉంచుడంటే మాటలా? పొద్దుగాల కిటికీ తుడిస్తే పగటాల్లకు దాని మీద ఏలుతోని పేరు రాయొచ్చు. అయినా మా సింగరేణి కంపెనీ దవాఖాన తెల్లగుండె. ఎట్లుండెనో చెప్త, ఆ ఫోను జర పక్కకు పెట్టి ఇను.

వార్డుకు ఒక పెద్ద సిస్టరమ్మ ఉండేది. ఎక్కువ మంది కేరళకెల్లి వచ్చినోళ్లే. తెలుగు సక్కగ రాకపోయేది కాని, ఆమె తిడితే ఏ భాషల తిట్టిందో అడిగే ధైర్యం డాక్టరుకు సుత లేకుండె. పొద్దున డ్యూటీ ఎక్కంగనే మంచాల నడుమ నడుస్తుండేది. కిటికీ దిమ్మె మీద, మంచం కోడు మీద, సెలైన్ స్టాండు మీద ఏలు పెట్టి గీసేది. ఏలికి నలుపు అంటిందా, ఆయమ్మను పిలిచి ఏలు చూపెట్టేది, ఒక్క మాట అనకపోయేది. ఆయమ్మ బకెట్ తెచ్చేది. గంతే. రిజిస్టర్లు లేవు, సంతకాలు లేవు, తలుపు ఎనుక అంటించిన కాయితాలు లేవు. వార్డు ఎవరిదంటే ఫలానా సిస్టరమ్మది. మరుగుదొడ్డి ఎవరిదంటే ఫలానా సఫాయి ఆయనది. ఆయన కంపెనీ మస్టర్ మీద ఉండె, బొగ్గు బాయిల ఫిల్లర్ కు పడ్డట్టే ఆయనకూ హాజరు పడేది, క్వార్టరు ఉండేది, పండుగ బోనస్ వచ్చేది. ఆ దొడ్డి గలీజుగుంటే ఊర్ల ఆయన ఇజ్జత్ పోయేది.

పొడి చీపురు పట్టుకుంటే సిస్టరమ్మ ఊకోకపోయేది. పొడిగ ఊడిస్తే దుమ్ము లేసి పుండ్ల మీద, పాల గిలాసల మీద పడ్తది. ముందు తడిగుడ్డ పెట్టాలె. వార్డు గుడ్డ వేరు, దొడ్డి గుడ్డ వేరు, బకెట్లు సుత వేరు. మా మనవరాలు జీఎన్ఎం నర్సు కోర్సు చదివింది. ఇదే ముచ్చటను ఆమె పుస్తకంల ఇన్ఫెక్షన్ కంట్రోల్ అని పెద్ద పేరు పెట్టి రాసిండ్రు. శుభ్రమున్న దిక్కుకెల్లి మొదలువెట్టి గలీజున్న దిక్కుకు తుడుచుకుంట పోవాలెనట. మా ఆయమ్మ నిశాని. ఆమె పుస్తకం సదువకుండనే అట్ల తుడిచేది.

ఇగ బాయిల దెబ్బ తాకినోని సంగతి చెప్త. కప్పు కూలి ఒకాయన కాలు నలిగింది. స్ట్రెచ్చర్ మీద పైకి తెచ్చినం, అంబులెన్సుల కంపెనీ ఏరియా దవాఖానకు తీస్కపోయినం. మనిషి నల్లగ, కండ్లు పండ్లు తప్ప ఏం కనవడకపోయేది. డాక్టరు నెత్తురు ఆపి, సూది ఇచ్చిన తర్వాత ఏం చేసిండ్రో చెప్తె నువ్వు నమ్మవు. ఇద్దరు వార్డుబాయిలు గోరువెచ్చని నీళ్లు తెచ్చిండ్రు. దెబ్బకు తడి తాకకుంట, ముఖం కాడికెల్లి మొదలువెట్టి, చెవుల ఎనుక, మెడ మడతలల్ల, గోర్లల్ల ఉన్న బొగ్గు పోయేదాంక మెత్తగుడ్డతోని తుడిచిండ్రు. నీళ్లు నల్లబడితే పారబోసి మల్ల తెచ్చిండ్రు. అప్పుడు గాని తెల్ల దుప్పటి మీద పండవెట్టలె. ఆ దుప్పటి మీద కంపెనీ ముద్ర ఉండేది, దోబి ఘాటుల ఉడికి, ఎండకు ఎండి వచ్చేది. నొప్పితోని మూలుగుకుంటనే ఆయన ఒక్కమాట అన్నడు: "నన్ను ఇంట్ల సుత ఇట్ల కడగలేదన్నా." పెద్ద ఆపరేషన్లు, స్కానింగులు అప్పుడు లేకపోవచ్చు. కాని రోగిని మనిషి తీరు పట్టుకునుడు ఉండె. నీ ఇప్పటి దవాఖానల నాకు దొరకనిది అదే.

పొద్దుమీకి గంట కొడితేనే చూడవోయేటోళ్లు లోపటికి. ఒక మంచం కాడికి ఒక్కడు. చెప్పులు వరండల ఇడువాలె. చిన్నపోరలకు అసలే ఇజాజత్ లేదు. మంచం మీద కూసుంటే సిస్టరమ్మ దగ్గరికి వచ్చి నిలవడేది, మనమే లేచేది. మల్ల గంట కొడితే వార్డు ఖాళీ. రాత్రి తొమ్మిదికి లైట్లు తగ్గేవి. ఎదురెదురు కిటికీలు పెట్టి కట్టిన వార్డు, ఎత్తు కప్పు, గోదారి మీదికెల్లి వచ్చే గాలి. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859ల దవాఖానల మీద పుస్తకం రాసింది, రోగికి గాలి, ఎలుతురు కావాలెనని అండ్ల మొత్తుకున్నది. ఆ లెక్కనే కట్టిన పాత బిల్డింగులవి. ఇప్పుడు అద్దాలు బిగించి, ఏసీ పెట్టి, ఒకని దగ్గు ఇంకొకనికి పంచుతున్నరు. 2020ల కరోనా వచ్చినప్పుడు కిటికీలు తెరువుండ్రి, గాలి రానియ్యుండ్రి అని టీవీల చెప్తుంటే, మా సిస్టరమ్మ యాదికొచ్చింది.

ఇప్పుడు దవాఖానలకు కొదువ లేదు. 2022 నవంబర్ల ఒక్కనాడే ఎనిమిది సర్కారు మెడికల్ కాలేజీలు మొదలైతే, అండ్ల మన మంచిర్యాలదొకటి, రామగుండందొకటి. రామగుండం దానికి సింగరేణి పైసలే పెట్టిండ్రు. మంచిదే. మా కాలంల పెద్ద రోగమొస్తే వరంగలో హైదరాబాదో పోవాలె, తొవ్వలనే కొందరు పోయిండ్రు. కాని కట్టేటప్పుడు జాగ చూడాలె కదా! మంచిర్యాలల మాతా శిశు దవాఖానను గోదారి దగ్గర కట్టిండ్రు. 2022 జులై వరదకు నీళ్లు లోపటికొచ్చినయి, బాలింతలను, పసిపిల్లలను వేరే దవాఖానకు మార్చవలసొచ్చింది. మా ముసలోళ్లు కోళ్ల గూడు సుత మిట్ట చూసి కట్టేటోళ్లు.

మొన్నీమధ్య ఒక చుట్టాన్ని చూడనీకి ఒక పెద్ద దవాఖానకు పోయిన, పేరు ఎందుకులే. నేల మీద ముఖం కనవడే టైల్సు. దొడ్డి తలుపు ఎనుక చార్టు ఉన్నది, గంట గంటకు తుడిచినట్టు సంతకాలు. నేను పోయింది పగటీలి, సాయంత్రం నాలుగు గంటల సంతకం సుత అప్పుడే పడి ఉన్నది. దొడ్డిల మాత్రం నీళ్లు లేవు. ఊడ్చే ఆడమనిషిని అడిగిన. మూడంతస్తులకు ఇద్దరే ఉన్నరట, కాంట్రాక్టరు జీతం రెండు నెలలకోసారి ఇస్తడట. ఆమెను ఏమంటం? ఆ వార్డు ఆమెది కాదు, రేపు ఇంకో వార్డు, ఎల్లుండి ఇంకో కాంట్రాక్టరు. 2022 సెప్టెంబర్ల సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగింది ఇసొంటి జీతాల కోసమే. అదే ఏడు సర్కారు దవాఖానల సఫాయికి మంచానికి నెలకు 5,000 రూపాయలు ఇచ్చేది 7,500 చేసిండ్రు, రోగి తిండికి రోజుకు 40 ఇచ్చేది 80 చేసిండ్రు. మంచి పని. ఆ పెరిగిన పైసలల్ల చీపురు పట్టిన చేతికి ఎంత చేరుతుందో చూసే సిస్టరమ్మ ఒకామె కావాలె.

నేను ఇట్ల మాట్లాడుతుంటే మా మనవరాలు ఊకోదు. "తాతా, మీ గాజు సిరంజిని ఒక్కదాన్నే ఉడకవెట్టి పదిమందికి పొడిసేటోళ్లు. సూది మొద్దువడితే సానరాయి మీద నూరేటోళ్లు. కామెర్లు ఎట్ల పాకినయనుకున్నవ్?" అంటది. నిజమే. ఎనామిల్ గిన్నెల డెటాల్ నీళ్లు పెట్టి, వచ్చిన డాక్టరల్ల అండ్లనే చేతులు ముంచేది. అది ఇప్పుడు తలుసుకుంటే నాకే మంచిగనిపిస్తలేదు. వియన్నల సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు 1847లనే చేతులు మందు నీళ్లతోని కడిగిపిస్తే బాలింతల చావులు తగ్గినయట. 2016ల వచ్చిన రూల్స్ లెక్క ఇప్పుడు పసుపు డబ్బల నెత్తురు గుడ్డలు, ఎర్ర దాంట్ల ప్లాస్టిక్ పైపులు, తెల్ల దాంట్ల సూదులు, నీలం దాంట్ల గాజు సీసలు ఏస్తున్నరు. మా కాలంల అన్నీ కలిపి ఎనుక గుంతల పోసి కాలవెట్టేది, చెత్త ఏరుకునే పిల్లలకు సూదులు దిగేవి. ఈ రంగుల డబ్బలు ముందే ఉంటే ఎంత బాగుండు. మా అవ్వైతే మీ రోజులే మంచియి అన్నా ఒప్పుకోదు. ఇంట్ల మంత్రసాని చేతుల కన్న పిల్లలల్ల సగం మందిని మట్టిల పెట్టినామె ఆమె.

కాని బిడ్డా, డబ్బలకు రంగులేస్తే అయిపోతదా? ఇబ్రహీంపట్నంల 2022 ఆగస్టుల ఒక్కనాడు 34 మంది ఆడోళ్లకు పిల్లలు కాకుంట ఆపరేషన్ చేసిండ్రు, ఇన్ఫెక్షన్ తోని నలుగురు పోయిండ్రు. పానం బాగలేక దవాఖానకు పోలేదు వాళ్లు, మంచిగున్నోళ్లు నడుచుకుంట పోయిండ్రు. అదే ఏడు మార్చిల వరంగల్ ఎంజీఎం ఐసీయూల కదలలేని మనిషిని ఎలుకలు కొరికినయి. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలే. ఎలుక తిండి ఉన్న కాడికే వస్తది. మంచం కింద సగం తిన్న బిర్యాని పొట్లం దాసినోడు ఎవడు? డాక్టరా?

నువ్వే. నీ తీరోళ్లే. ఒక మంచం చుట్టు తొమ్మిది మంది నిలవడి, రోగి మంచం మీదనే కూసొని, వీడియో కాల్ ల అమెరికా చుట్టానికి ఆయన ఆపరేషన్ కుట్లు చూపెడ్తరు. రాత్రి పదకొండు దాంక ఫోన్ల రీల్స్ మోగుతుంటయి. పక్క మంచం ముసలవ్వ కండ్లు మూసుకొని పండుకున్నట్టు చేస్తది, ఏం అనదు. గుట్కా నమిలి మెట్ల మూలకు ఊస్తరు. ఆ మూలకు దేవుని బొమ్మల టైల్స్ పెట్టవలసొచ్చిందంటే, ఆ సిగ్గు ఎవరిది? కేంద్రం 2015ల కాయకల్ప్ అని పథకం పెట్టి, శుభ్రమున్న సర్కారు దవాఖానలకు బహుమానాలు ఇస్తున్నది. చూడవోయేటోళ్లకు సుత మార్కులేస్తే మన ఊరోళ్లు ఒక్కడు పాసు కాడు.

రేపు ఎవరినన్న చూడబోతే ఒక్కడివే పో. చేతులు సబ్బుతోని కడుక్కొనే మంచం కాడికి పో, బయటికొచ్చినంక మల్ల కడుక్కో. మంచం మీద కూసోకు. తిన్న పొట్లం నీ ఎంబడే తెచ్చుకో. దగ్గుంటే అసలే పోకు, ఫోన్ల మాట్లాడు, అది ఒక్కదానికి నీ ఫోను పనికొస్తది. డాక్టరో సిస్టరో చేతులు కడగకుంట రోగిని ముట్టబోతే, "అమ్మా, జర చేతులు" అని మర్యాదగ అడుగు. అడిగితే తప్పేం లేదు, మంచి సిస్టరమ్మ కోపం చేసుకోదు.

మంచిర్యాలల గాని, గోదావరిఖనిల గాని, రామకృష్ణాపూర్ల గాని దవాఖాన నడిపే పెద్దలు ఇది చదివితే ఒక్కటే అడుగుత. దొడ్డి తలుపు ఎనుక ఉన్న ఆ సంతకాల కాయితం తీసెయ్యుండ్రి. వార్డు తలుపు మీద డాక్టరు పేరు పక్కన, గంతే పెద్ద అక్షరాలల్ల, ఆ వార్డును తుడిచే మనిషి పేరు రాయుండ్రి. ఆమెను ఆ వార్డుకెల్లి మార్చకుండ్రి. నెల తిరుగంగనే ఆమె జీతం ఆమె చేతుల పెట్టుండ్రి.