‘ఎ&ఎన్’ ఫోల్డరుకు టీకా తాత్పర్యం

అవతారిక

వ్యాఖ్యాతలు మూలానికి ముందు కవి ఊరూ పేరూ చెప్పడం ఆచారం. ఈ మూలానికి కవి ఒక పెళ్లికూతురి తమ్ముడు, పేరు అప్రస్తుతం. ఊరు పోర్ట్‌బ్లెయిర్, 2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురం. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. కాబట్టి అక్కడ తెలుగులో శుభలేఖ వేయించుకోవడం వింతేమీ కాదు. శ్రీకాకుళంలో చేయించిన డిజైను మెయిల్లో వచ్చింది. తమ్ముడు పెన్‌డ్రైవులో ఫోల్డరు చేసి, దాన్ని అందులో వేసుకుని, అబర్డీన్ బజారులో ఒక డీటీపీ షాపుకు తీసుకెళ్లాడు. పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే ప్రోగ్రాము తెరవనంది. ఫైలు లేదంది. 2020 ఆగస్టులో మొదలైన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు మీద ఏ అడ్డూ లేకుండా వచ్చిన శుభలేఖ, షాపు కంప్యూటరు తెర మీద జానెడు దారిలో చిక్కుకుంది. ఆ దారే, అంటే ఫైలు చిరునామాయే, మన మూలం.

మూలం

ఇ:\ఎ&ఎన్ #2025\అక్క పెళ్లి!! (ఫైనల్) 100%\శుభలేఖ

(‘అక్క పెళ్లి’ అన్నది మూలంలోనే తెలుగు లిపి. తక్కినవి ఇంగ్లిషు అక్షరాలు, పాఠకుల సౌకర్యార్థం మార్చాను.)

ప్రతిపదార్థం

ఇ:\ = ‘ఇ’ అను పెన్‌డ్రైవునందు; ఎ&ఎన్ = అండమాన్, నికోబార్ దీవులకు చెందినదియు; #2025 = ఆ సంవత్సరపుదియు అగు ఫోల్డరు లోపల; అక్క పెళ్లి = సోదరీ వివాహ సంబంధమైనదియు; !! = సంతోషాతిశయముచేత రెండు మారులు; (ఫైనల్) = ఇంతకుమునుపే మూడు ఫైనల్‌లు కలవని ధ్వని; 100% = ఇది మాత్రము ఒట్టు; శుభలేఖ = శుభలేఖ. స్పష్టము.

టీక

‘&’ సముచ్చయార్థకం. అండమానూ, నికోబారూ అని ద్వంద్వ సమాసం. ఈ దీవుల్లో ఆ గుర్తు లేనిదే పూట గడవదు. ఆఫీసు బోర్డుల మీదా కాగితాల మీదా ఎక్కడ చూసినా పొడి పేరు ‘ఎ&ఎన్’. ఫోల్డర్లకు మాత్రం వేరే పేరెందుకు పెడతారు? విండోస్ కమాండ్ లైను దీనికి ‘మరియు’ అనే అర్థం ఒప్పుకోదు, ‘అటుపిమ్మట’ అంటుంది. ఒక ఆజ్ఞ అయిపోయింది, ఇక రెండోది అని. షాపులో రోజూ సాయంత్రం ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసే బ్యాచ్ ఫైలు ఒకటుంది. దారి చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టకుండా దానికి అందించారో, ముందు ‘ఎ’ అనే ఫోల్డరు కోసం వెతుకుతుంది, లేదంటుంది. అటుపిమ్మట ‘ఎన్’ అనే ప్రోగ్రామును నడపబోతుంది. అదీ లేదు. అండమాన్‌నూ నికోబార్‌నూ విడదీయడానికి సముద్రానికి సుమారు 150 కిలోమీటర్ల పది డిగ్రీల ఛానెల్ కావలసివచ్చింది, ఇక్కడ ఒక్క గుర్తు చాలింది.

ఎక్స్ఎమ్ఎల్ సంప్రదాయం వారి వాదం వేరు. వారికి ‘&’ ఒక సంకేతానికి ఆరంభం. నేరుగా రాస్తే ఫైలు మొత్తం చెల్లదంటారు. వెబ్ చిరునామాలో ‘#’ తర్వాతిది దారి కాదు, పేజీలో ఒక చోటు. ‘%’ తర్వాత రెండు హెక్సాడెసిమల్ అంకెలు రావాలి. ఫోల్డరు దారిని తోచినట్టు వెబ్ చిరునామాగా మార్చే ప్రోగ్రాములు ఈ రెండింటి దగ్గరా బోల్తాపడతాయి. ఆశ్చర్యార్థకాలు కొన్ని బ్యాచ్ ఫైళ్లను మాత్రమే బాధిస్తాయి కనుక విడిచిపెడుతున్నాను. బ్రాకెట్ల మాటకొస్తే, తమ్ముణ్ని అనే ముందు విండోస్ తన సొంత ‘ప్రోగ్రామ్ ఫైల్స్ (ఎక్స్86)’ను చూసుకోవాలి.

ఇంత చెప్పినా, పేజ్‌మేకర్‌ను ఆపింది వీటిలో ఏదీ కాదు. ఆపింది ‘అక్క పెళ్లి’.

పేజ్‌మేకర్ 7.0 ఆ వంశంలో ఆఖరిది, 2001 నాటిది. యూనికోడ్ ఎరగదు. అలాంటి పాత ప్రోగ్రాముల కోసం విండోస్‌లో రష్యన్‌కు, గ్రీకుకు, థాయికి తలా ఒక కోడ్ పేజీ, అంటే అక్షరాల పట్టిక, ఉంది. తెలుగుకు ఆ ఏర్పాటు చేయలేదు. కనుక ఆ ఫోల్డరు పేరును పేజ్‌మేకర్ చెవిన వేసేటప్పుడు, తెలుగు అక్షరం ఎదురైన చోటల్లా విండోస్ ఒక ప్రశ్నార్థకం పెట్టి చేతులు దులుపుకుంటుంది. ‘అక్క పెళ్లి’ కాస్తా ‘???? ??????’ అవుతుంది. నాలుగూ ఆరూ ఎలా వచ్చాయంటే, గుణింతపు గుర్తులూ, ఒత్తును కలిపే పొల్లూ విడివిడిగా లెక్కకొస్తాయి. మరి విండోస్ ఫోల్డరు పేర్లలో ‘?’ నిషిద్ధం! ఉండడానికే వీల్లేని పేరు చెప్పి వెతకమని పంపి, దొరక్కపోయేసరికి ఫైలే లేదన్నారు. శుభలేఖ లోపలున్న తెలుగుతో పేజ్‌మేకర్‌కు ఏ పేచీ లేదు. అది పాత డీటీపీ ఫాంటులో ఉంది. పేచీ అంతా గుమ్మం మీది తెలుగుతోనే.

పాఠాంతరం

‘పోర్ట్‌బ్లెయిర్’ అని తెలుగులో రాసిన ఫోల్డర్లలో ఒక చిక్కు. కొన్ని కీబోర్డులు చివరి పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరాన్ని వదులుతాయి. యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. అది ఉన్న పేరూ లేని పేరూ చూపుకు ఒకటే, కంప్యూటరుకు రెండు. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపిస్తే కళ్లను అనుమానించకండి. సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథసూరికి సైతం ఇలాంటి పాఠభేదం ఎదురై ఉండదు.

పూర్వపక్షం

‘పేరు పెట్టినప్పుడు కంప్యూటరు ఏమీ అనలేదు కదన్నా!’ అని తమ్ముడి ఆక్షేపణ. బలమైనదే. విండోస్ తొమ్మిది గుర్తులనే వద్దంటుంది: \ / : * ? " < > |. ఊరి పాత పేరూ కొత్త పేరూ కలిసొచ్చేలా ‘పోర్ట్‌బ్లెయిర్/శ్రీవిజయపురం’ అని రాయబోతే అక్కడికక్కడే ఆపేస్తుంది. ఆ ఆపడమే మేలు. తక్కిన గుర్తులను రానిస్తుంది గానీ, తర్వాత వచ్చే ప్రోగ్రాముల తరఫున పూచీ పడదు. కాబట్టి తప్పు తమ్ముడిది కాదని నా తీర్పు. దారి అర్థంకాకపోతే ‘దారి అర్థంకాలేదు’ అనకుండా ‘ఫైలు లేదు’ అని రాసినవారిదే తప్పు.

తాత్పర్యం

ఫైలు తెరుచుకోకపోతే ముందు ఫైలును శంకించవద్దు. దాన్ని డిస్కు మొదట్లోనే, ఇంగ్లిషు అక్షరాలతో చిన్న పేరున్న ఫోల్డరులోకి కాపీ చేసి చూడాలి. తెరుచుకుంటే దోషం దారిది. బ్యాచ్ ఫైలులో దారిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. కంప్యూటరు యూజరు పేరే తెలుగులో ఉంటే, అదీ దారిలోకి వస్తుంది; పైకి కనిపించే పేరు మార్చినంత మాత్రాన లోపలి ఫోల్డరు మారదు. ఇంగ్లిషు పేరుతో కొత్త అకౌంటు తెరవాల్సిందే. విండోస్ 10లో 2018 నుంచి పాత ప్రోగ్రాములకూ యూనికోడ్ (యూటీఎఫ్-8) వాడమనే ఐచ్ఛికం ఒకటుంది. డీటీపీ షాపువారు దాని జోలికి పోకపోవడం మంచిది, పాత ప్రోగ్రాముల్లో అక్షరాలు తారుమారు కావచ్చు. ఇంకొకటి. పేజ్‌మేకర్ లింకు చేసిన ఫొటోలను వాటి దారితో సహా గుర్తుపెట్టుకుంటుంది. పని సగంలో ఫోల్డరు పేరు మారిస్తే వినాయకుడి బొమ్మతో మొదలుపెట్టి అన్నింటినీ లింక్స్ మేనేజర్‌లో మళ్లీ చూపించాల్సి రావచ్చు.

ఫలశ్రుతి

శుభలేఖలు తెచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ విన్నపం. పని మొదలుకాకముందే ఫోల్డరుకు ‘ఎఎన్_పెళ్లి_2025’ అని ఇంగ్లిషు అక్షరాల్లో పేరు పెట్టి, ఫొటోలన్నీ అందులోనే వేసి తీసుకురండి. అక్షరాలు, అంకెలు, ఆ అడుగు గీత తప్ప మరేమీ వద్దు. ఆశ్చర్యార్థకాలు ఎన్ని కావాలంటే అన్ని శుభలేఖ లోపల వేయిస్తారు.