గుట్టుగా మింగే మాత్ర

మన పెళ్ళి భోజనాల్లో రోగాలకీ అంతస్తులున్నాయి. షుగరున్నాయన జాంగ్రీ చేతిలో పట్టుకునే తన పాయింట్లు అప్పజెబుతాడు. గుండెకి స్టెంటు వేయించుకున్నాయన ఆస్పత్రి బిల్లు, అల్లుడి పలుకుబడి కలిపి హరికథ చెబుతాడు. మోకాళ్ళకీ గ్యాసుకీ శ్రోతల కరువే లేదు. ప్రొస్టేట్ పెరిగినాయన మాత్రం ఫోనొచ్చిందని ఒకసారి, చెయ్యి కడుక్కోవాలని ఒకసారి లేచి వెళ్తాడే తప్ప నోరు విప్పడు. పోనీ అదేమైనా అరుదైన జబ్బా? 60 ఏళ్ళు వచ్చేసరికి మగవాళ్ళలో దాదాపు సగం మందికీ, 80 దాటాక పదిమందిలో ఎనిమిది మందికీ ఆ గ్రంథి ఎంతో కొంత పెరిగే ఉంటుంది. అందరినీ ఇబ్బంది పెట్టకపోవచ్చు. అయినా ఆ బంతిలో కూర్చున్న పెద్దమనుషుల్లో చాలామంది ఒకరి దగ్గర ఒకరు దాస్తున్నది ఒకే రహస్యం. ఈ జబ్బుకి డాక్టర్లు రాసే మందులు మంచివే. వాటిని ప్రమాదంలోకి నెట్టేది చాలావరకు మన సిగ్గేనని నా వాదన.

ముందు మందుల సంగతి. వీటిలో ముఖ్యంగా రెండు తెగలు. టామ్సులోసిన్, ఆల్ఫుజోసిన్, సిలోడోసిన్ వంటివి మూత్రాశయం మెడ దగ్గరా, గ్రంథిలోనూ బిగుసుకున్న కండరాన్ని సడలిస్తాయి. కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ గ్రంథినే కుదిస్తాయి. వాటికి ఆర్నెల్ల ఓపిక కావాలి. ఈ రెండో తెగ కథ డొమినికన్ రిపబ్లిక్‌లో మొదలైంది. అక్కడ కొందరు పిల్లలు పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనబడి, యుక్తవయసులో మగవాళ్ళుగా తేలారు. టెస్టోస్టెరోన్‌ని మరింత చురుకైన హార్మోనుగా మార్చే ఎంజైము వాళ్ళలో లోపించిందని 1974లో పరిశోధకులు ప్రకటించారు. పెద్దయినా వాళ్ళ ప్రొస్టేట్ చిన్నదిగానే ఉండిపోయింది. ఆ ఎంజైమునే అడ్డుకునే ఫినాస్టెరైడ్‌కి 1992లో అమెరికాలో అనుమతి దొరికింది. 1997లో అదే మందు తక్కువ మోతాదులో బట్టతలకీ వచ్చింది. నెత్తి కోసం 1 మిల్లీగ్రాము మింగే కుర్రాడు ఫలితం ఎలా ఉందో స్నేహితులందర్నీ అడుగుతాడు. 5 మిల్లీగ్రాములు మింగే తాతగారు డబ్బాని బీరువాలో పంచెల కింద దాస్తారు. మందు ఒక్కటే, మర్యాదలు వేరు.

గుట్టు మొదట దెబ్బతీసేది ఇంట్లోనే. టామ్సులోసిన్ రోజూ ఒకే పూట, భోజనమైన అరగంటకి వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే రక్తంలోకి ఎక్కువ మందు ఒక్కసారిగా చేరుతుంది. ఈ తెగ మందులు రక్తనాళాలనీ కొంత సడలిస్తాయి కాబట్టి, ముఖ్యంగా మొదటి రోజుల్లో, లేచి నిలబడగానే బీపీ జారి కళ్ళు తిరగొచ్చు. రాత్రి లేవడం తగ్గాలని వేసుకున్న మందు, లేచినప్పుడు పడగొడితే అంతకన్నా వెక్కిరింత ఏముంది? మంచం అంచున కాసేపు కూర్చుని, లైటు వేసుకుని మరీ లేవాలి. ఇంట్లోవాళ్ళకి తెలిస్తే దారిలో స్టూలైనా పక్కకి జరుపుతారు. నాలుగు రోజులు మానేసి మళ్ళీ మొదలుపెడితే తొలి మోతాదప్పటి కళ్ళు తిరగడం మళ్ళీ రావచ్చు, కనుక డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి. ఇక సిల్డెనాఫిల్ అనే మరో రహస్యం కూడా నడుపుతున్నవారికి హెచ్చరిక: అదీ బీపీని తగ్గించేదే. రెండు గుట్లు ఒకే కడుపులో కలిస్తే మనిషి నేలమీద తేలతాడు.

గడప దాటితే మందుల షాపు. జలుబుకి చీటీ లేకుండా అడిగే బిళ్ళల్లో చాలావాటిలో ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ ఉంటాయి. మొదటిది మూత్రాశయం మెడని బిగిస్తుంది, రెండోది మూత్రాశయం పట్టుని తగ్గిస్తుంది. ముక్కు కారడం ఆగుతుంది, దాంతోపాటు కింద ధారా ఆగి, అర్ధరాత్రి ఆస్పత్రిలో గొట్టం వేయించుకోవాల్సి రావచ్చు. తర్వాత కంటి ఆస్పత్రి. శుక్లాల ఆపరేషన్‌కి చుక్కలు వేసి కనుపాపని పెద్దది చేస్తారు. టామ్సులోసిన్ వాడేవారిలో ఆ కనుపాప చుట్టూ ఉండే పొర వదులై అల్లాడుతూ, మధ్యలోనే కనుపాప కుంచించుకుపోవచ్చని 2005లో అమెరికా కంటి డాక్టర్లు డేవిడ్ చాంగ్, జాన్ క్యాంప్‌బెల్ వెల్లడించారు. మందు మానేసి చాలాకాలమైనా ఇలా జరగొచ్చు. ముందే చెబితే సర్జను తగిన ఏర్పాట్లతో ఉంటాడు. ప్రొస్టేట్ కోసం రక్తంలో చూసే పీఎస్ఏ పరీక్షదీ ఇదే తంతు. ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ ఆ అంకెని ఇంచుమించు సగానికి దించుతాయి. రిపోర్టులో 2.5 చూసి సంబరపడితే, అసలు లెక్క 5 కావచ్చు. ఈ గుట్టు పక్కవాళ్ళకీ ముప్పే. గర్భిణి కోడలు విరిగిన ఫినాస్టెరైడ్ బిళ్ళనీ, కారిన డ్యూటాస్టెరైడ్ క్యాప్సూల్‌నీ ముట్టకూడదు. డ్యూటాస్టెరైడ్ వాడినవారు ఆపిన ఆర్నెల్లదాకా రక్తదానం చెయ్యకూడదు.

ఇవన్నీ డాక్టరే అడగాలి కదా అంటారా? అడుగుతారు. ‘ఇంకేమైనా మందులు వాడుతున్నారా అండీ?’ అంటారు. పక్కన కూతురుంటుంది. ‘బీపీకి ఒక్కటేనండి’ అంటాడు పెద్దాయన. ప్రశ్న సరైనదే, జవాబే మొహమాటపడింది. దుష్ప్రభావాలున్నాయి కాబట్టి మానేస్తే పోలేదా అన్నది మరో వాదన. సిలోడోసిన్‌తో వీర్యం వెనక్కి పోవచ్చు, ఫినాస్టెరైడ్‌తో కొందరికి కోరిక తగ్గొచ్చు. నిజమే. కానీ మందు మార్చేదీ మోతాదు మార్చేదీ డాక్టరే, చెబితేనే. 3,047 మందితో సాగి 2003లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో డాక్సజోసిన్, ఫినాస్టెరైడ్ కలిపి వాడినవారిలో జబ్బు ముదిరే అవకాశం, ఉత్తుత్తి మాత్ర మింగినవారితో పోలిస్తే 66 శాతం తగ్గింది. చెప్పాపెట్టకుండా మానేసేవారు వదులుకునేది ఆ లాభాన్ని. చెట్టుమందైతే హాని లేదుగా అనేది మూడో వాదన. ఎంతో పేరున్న సా పామెట్టో అనే మొక్క మందుని 225 మందికి ఏడాదిపాటు ఇచ్చి చూస్తే, అది ఉత్తుత్తి మాత్రని మించి చేసిందేమీ లేదని 2006లో తేలింది. హాని లేదన్నంత మాత్రాన గుణం ఉన్నట్టు కాదు.

కాబట్టి బీపీ బిళ్ళకి ఇచ్చే గౌరవమే ఈ మాత్రకీ ఇవ్వాలి. భార్యకీ పిల్లలకీ చెప్పాలి. జలుబు బిళ్ళ కొనేముందు షాపువాడికి, కంటి డాక్టరుకి, రక్తపరీక్ష రాసిన డాక్టరుకి చెప్పాలి. మరీ నోరు పెగలకపోతే మందుల చీటీ జేబులో పెట్టుకుని చూపించండి. చీటీకి సిగ్గు లేదు. పైగా అది డాక్టరు చేతిరాతలో ఉంటుంది, పక్కవాడు ఎంత తొంగిచూసినా ఒక్క ముక్క అర్థం కాదు.