ఒకరి బాకీ, ఒకరికి ఫోను: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
అప్పు చేసినట్టి యాయన లేడాయె
ఫోను మోగె నీకు పొద్దు పొడవ
పేరు చెప్పినంత బిక్కచావగ నేల
పూచి పడని నీవు బొక్కసంబె?

ప్రతిపదార్థం: అప్పు చేసినట్టి = పర్సనల్ లోన్ తీసుకుని ఈఎంఐలు ఎగ్గొట్టిన; ఆయన = నీ పాత కొలీగు; లేడాయె = స్విచాఫ్ అయ్యెను; పొద్దు పొడవన్ = నీ కాఫీ పొంగకముందే; నీకు ఫోను మోగెన్ = అతడు లోన్ ఫారంలో రెఫరెన్సుగా నీ నంబరు రాసినందువలన; పేరు చెప్పినంత = రికవరీ ఏజెంటు నీ ఇంటిపేరుతో సహా పిలిచినంత మాత్రాన; బిక్కచావగన్ = గొంతు తడారిపోవుట; ఏల = ఎందులకు? పూచి పడని = జామీను సంతకం పెట్టని; నీవు బొక్కసంబె = నీవేమైనా వాడి ఖజానావా?

తాత్పర్యం: రెఫరెన్సు అంటే ఫలానా మనిషిని ఎరుగుదుననడమే. అతడు కట్టకపోతే నేను కడతానని ఒప్పుకున్నవాడే పూచీదారని 1872 నాటి ఒప్పందాల చట్టం, 126వ సెక్షన్ చెబుతున్నది. అట్లు సంతకం చేసినవానికి ఈ పద్యం వర్తించదు.

విశేషాలు: ఏజెంటు ప్రసంగం మూడు అంగాలు గలది. మొదట స్తుతి: “సార్, మీరు పెద్దమనుషులు.” పిమ్మట భయానకం: “నోటీసు మీ అడ్రసుకే వస్తుంది.” తుదకు బేరం: “కనీసం ఐదొందలు వేయండి సార్.” పాఠకుడు జారేది ఇక్కడే. ఐదొందలతో బాకీ తీరదు. డబ్బు రాలే నంబరు ఇదని మాత్రం తేలుతుంది.

ప్రత్యుత్తరం: “నేను గ్యారంటర్‌ని కాను. మీ పేరు, ఏ బ్యాంకు తరఫునో చెప్పండి. మళ్లీ చేయొద్దు.” అప్పు చేసినవాని అత్తవారి ఊరు చెప్పడం గ్రంథవిస్తరం.

ప్రమాణం: అప్పు తీసుకున్నవారి కుటుంబం, రెఫరీలు, స్నేహితుల జోలికి పోయి వేధించరాదని, తీసుకున్నవారికైనా ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయరాదని 2022 ఆగస్టు 12న రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. వినకపోతే కాల్ వివరాలు దాచి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు లేకుంటే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్, వివరాలకు 14448. ఫొటోలు మార్ఫింగ్ చేస్తామనే లోన్ యాప్ వారి విషయంలో ఈ నిరీక్షణ అక్కరలేదు. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి, పోలీసులకూ చెప్పాలి.

ఫలశ్రుతి: ఈ టీకా చదివినవారు స్నేహితుడి లోన్ ఫారంలో తమ పేరు ఏ గడిలో ఉందో చూసుకుందురు గాక! రెఫరెన్సు గడి అయితే బాకీ వాడిది. గ్యారంటర్ గడి అయితే మీది కూడా.