కార్తీక వనభోజనాల్లో ఉద్యోగుల భద్రత: నిర్వాహకులకు సూచనలు

విశాఖపట్నంలో ఉక్కు, ఓడలు, ఎరువులు, చమురు పనుల్లో ఉండే ఉద్యోగులు ఏడాది మొత్తంలో భద్రతాధికారి లేకుండా చేసే సాహసం ఒక్కటే ఉంది. అది కార్తీక మాసపు ఆదివారం వనభోజనం. మిగతా రోజులకు చట్టాలున్నాయి. వెయ్యి మంది పనిచేసే కర్మాగారానికి భద్రతాధికారి ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పేది. ఏటా మార్చి 4న అందరూ చెయ్యి చాచి భద్రతా ప్రతిజ్ఞ చేస్తారు. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర సుమారు 1500 డిగ్రీల వేడితో ఇనుము పారుతుంటే, హెల్మెట్టూ బూట్లూ లేనిదే ఎవరినీ అటువైపు రానివ్వరు. వనభోజనానికి పర్మిట్ లేదు కాబట్టి కింది పద్ధతి పాటించవచ్చు.

ముందుగా కమిటీ వేయాలి. భద్రతాధికారిని అందులో చేర్చకపోవడం మంచిది, ప్రశ్నలు అడుగుతారు. చేర్చక తప్పకపోతే తాంబోలా అప్పగించాలి. అంకెలు పిలుస్తూ సాయంత్రం దాకా తల ఎత్తరు.

తేదీ దగ్గర పెద్దగా ఆలోచించాల్సింది లేదు. కార్తీకం అక్టోబరు, నవంబరు నెలల్లో పడుతుంది, బంగాళాఖాతంలో వాయుగుండాలూ అప్పుడే పడతాయి. పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే అది ఓడల గొడవ. మూడో నంబరు ఎగరేస్తే టెంటుకు నాలుగు మేకులు ఎక్కువ కొట్టించాలి. క్యాటరర్‌కు అడ్వాన్సు ఇచ్చేశాక తేదీ మార్చడం వాతావరణ శాఖ వల్ల కూడా కాదు.

స్థలం విషయంలో శాస్త్రం ఉసిరి చెట్టు అడుగుతుంది, ఉద్యోగులు సముద్రం అడుగుతారు. బీచ్ పక్క సరుగుడు తోటలో ఉసిరి కొమ్మ ఒకటి పాతితే ఇద్దరికీ సరిపోతుంది. సరుగుడు ఆకు ఎండితే అగ్గిపుల్లంత చురుగ్గా అంటుకుంటుంది కనుక గ్యాసు పొయ్యిలను ఆ ఆకుల మీదే పెట్టించాలి, నేల మెత్తగా ఉంటుంది. ఇక వంట సంగతి. ముందురోజు రాత్రి వండి మూతపెట్టిన అన్నంలో, ఉడికినా చావని సూక్ష్మజీవులు గోరువెచ్చదనానికి పెరుగుతాయి. పులిహోర చింతపండు పుణ్యమా అని కొంత తట్టుకుంటుంది. కొబ్బరి పచ్చడికి ఆ పుణ్యం లేదు, అందుకే దాన్ని ఆఖరి బంతి దాకా ఎండలో దాచాలి.

అరకు వెళ్లేవాళ్లకు సముద్రం బెడద లేదు, ఘాట్ రోడ్డు ఉంది. 2021 ఫిబ్రవరిలో ఆ దారిలోనే డముకు దగ్గర పర్యాటకుల బస్సు లోయలో పడింది. అలాంటిది గుర్తుంచుకుని డ్రైవర్‌ను ముందురాత్రి నిద్రపోనివ్వాలని కొందరు అంటారు. మన పద్ధతిలో డ్రైవర్ తెల్లవారుజామున మూడింటికి బస్సు తెస్తాడు, వెనక సీట్లవాళ్లు మలుపు మలుపుకీ లేచి డాన్సు చేస్తారు.

సముద్రానికి వెళ్లేవాళ్లకు అసలు విషయం స్నానం. ఒడ్డుకు కొట్టిన అలల నీరు ఎక్కడో ఒకచోట సన్నటి పాయగా లోపలికి మళ్లుతుంది. ఆ పాయ మీద అలలు విరగవు, పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. ఉద్ధృతంగా ఉన్నప్పుడు దాని వేగం సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది, ఎంతటి ఈతగాడైనా దానికి ఎదురీదలేడు. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఆర్కే బీచ్‌లో, యారాడలో లైఫ్‌గార్డుల విజిల్ ఎక్కువగా ఇలాంటి చోటే మోగుతుంది. కాబట్టి పిల్లల్ని దింపడానికి అలలు లేని ఆ జాగానే వెతకాలి. చిక్కుకున్నవాడు ఒడ్డుకు సమాంతరంగా పక్కకి ఈది పాయ దాటాక ఒడ్డుకు మళ్లితే బయటపడతాడు. ఈ సంగతి ముందే చెబితే జనం దిగడానికి జంకుతారు, చెప్పకూడదు. మోకాలి లోతు దాటవద్దంటే సరిపోతుంది. ఎవరి మోకాలో చెప్పనక్కర్లేదు.

తాడులాగుడు పోటీకి తాడు కొనడం దండగ. బరువులెత్తడానికి పనికిరాదని స్టోర్స్ పక్కనపెట్టిన తాడు ఒకటి ఎక్కడైనా ఉంటుంది. 1997లో తైపేలో జరిగిన భారీ తాడులాగుడులో తాడు తెగి ఇద్దరి చేతులు ఊడిపోయాయి. తాడును చేతికి చుట్టుకోవద్దనే నియమం అందుకే ఉంది. మెకానికల్, ఎలక్ట్రికల్ విభాగాల మధ్య పరువు పోటీలో ఆ నియమం ఎవరికీ గుర్తుండదు.

కార్తీకంలో మాంసం నిషిద్ధం. సీసాల మాట పంచాంగం ఎత్తలేదు గనుక అవి కూల్‌డ్రింక్ రంగులో బస్సు వెనక్కి చేరతాయి. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు మించితే బండి నడపడం నేరం, మొదటిసారికి జరిమానా పదివేలు. బైకు మీద వచ్చినవాళ్లను భోజనం కాగానే పంపేయాలి, సాయంత్రానికి పోలీసులు రోడ్డెక్కుతారు. మహిళా ఉద్యోగులతో వేళాకోళం ఆఫీసు బయట జరిగితే ఆఫీసుకు సంబంధం లేదన్నది కమిటీల్లో బాగా పాతుకుపోయిన నమ్మకం. పనిచోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం మాత్రం ఉద్యోగరీత్యా వెళ్లిన చోటునూ, యాజమాన్యం పెట్టిన బస్సునూ పనిచేసే చోటే అంటుంది. చట్టం ప్రతిని బస్సులో పెట్టకపోతే పాటలకు అంతరాయం ఉండదు.

తిరుగు ప్రయాణంలో తలలు లెక్కపెట్టాలి. ఉదయం ఎంతమంది ఎక్కారో రాసుకోకపోతే సాయంత్రం ఎవరూ తగ్గరు. కాంట్రాక్టు కార్మికులతో చిక్కే లేదు, వాళ్లు వస్తే వడ్డనకే వస్తారు, వడ్డించేవాళ్లు లెక్కలో ఉండరు.

సోమవారం ఉదయం కాలిన చేతులు, బెణికిన నడుములు హాజరవుతాయి. వాటిని ప్రమాదాల రిజిస్టరులో ఎక్కించనక్కర్లేదు, అది గేటు లోపలి పుస్తకం. గ్రూపు ఫోటో నోటీసు బోర్డుకు, బస్సు బిల్లు అకౌంట్స్‌కు వెళ్లాక కమిటీని రద్దు చేయవచ్చు.