కొత్తదైతేనే కొటేషన్

వాడిన సరుకునే మళ్లీ మళ్లీ వాడుకునే చక్రీయ ఆర్థిక వ్యవస్థ మన నగరాలకు చేతకాదని ఎవరన్నారు? చెరువు శిఖంలో రాత్రికి రాత్రి లారీలు పాత గోడల ముక్కలు పోస్తాయి. చదునవగానే ప్లాట్లు, వాటి మీద అపార్ట్‌మెంట్లు. 2024లో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చి అలాంటి వాటిని కొన్ని కూల్చింది. కూల్చిన ముక్కలు మళ్లీ లారీ ఎక్కుతాయి. లారీ డ్రైవరుకు ఇంకో చెరువుకి దారి తెలీదా? పూర్తి చక్రీయ నగరం కావడానికి ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు 2050 దాకా గడువు పెట్టుకున్నారట, పాపం.

నిబంధనలు లేవనుకునేరు. భేషుగ్గా ఉన్నాయి. ప్రభుత్వ, మునిసిపల్ కాంట్రాక్టుల్లో 10 నుంచి 20 శాతం దాకా శిథిలాల నుంచి తీసిన సరుకే వాడేలా తప్పనిసరి చేయండని 2016లోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. ఉక్కు వేయని మామూలు కాంక్రీటులో 25 శాతం వరకు రీసైకిల్ కంకర కలుపుకోవచ్చని ఐఎస్ 383 ప్రమాణమూ అదే ఏడు ఒప్పుకుంది. శిథిలాలను రోజుకు 500 టన్నుల దాకా కంకరగా, ఇసుకగా మార్చే ప్లాంటు జీడిమెట్లలో ఉంది, ఫతుల్లాగూడలో ఇంకోటి. పందిరి వేశారు, పెళ్లికూతుర్ని ముస్తాబు చేశారు. పెళ్లికొడుకు మాత్రం ఎస్టిమేట్ రాస్తూ కూర్చున్నాడు.

ఆ పెళ్లికొడుకుని ఓ మునిసిపాలిటీలో కలిశాను. అసిస్టెంట్ ఇంజినీరు గారు, మంచివారే. ‘‘ఫుట్‌పాత్‌కి శిథిలాలతో చేసిన టైల్సే వేయించొచ్చు కదండీ’’ అన్నాను.

‘‘ఎస్‌ఎస్‌ఆర్ ధరల పట్టికలో రేటు చూపించాలి కదండీ. చూపించాననుకోండి, కొత్త టైలు పగిలితే కాంట్రాక్టరుని అడుగుతారు. పాత సరుకుతో చేసింది పగిలితే నన్నడుగుతారు.’’

పర్యావరణం మీద ఎన్ని సదస్సులు పెట్టినా ఈ లెక్కకి జవాబు దొరకదు.

ఆయన ఆఫీసు మెట్ల కింద ఇనప కుర్చీల గుట్ట ఉంది. పైనున్నదానికి ఒక చెయ్యి ఊడింది, అంతే. వెల్డింగ్ షాపువాడు టీ తాగేలోపు అతికించి ఇస్తాడు. కానీ ఆ చిల్లర ఖర్చుకి నోట్‌ఫైలు, కొటేషన్లు, ఆపైన ఆడిట్ అభ్యంతరం. కొత్తవి కొనడానికైతే బడ్జెట్ పద్దు సిద్ధం, అందరికన్నా తక్కువ కోట్ చేసిన ఎల్-వన్ ఎవరో తేలితే చాలు. పాతవి వేలం వేద్దామంటే ముందు అవి పనికిరావని తేల్చే కండెమ్ కమిటీ కూర్చోవాలి. కుర్చీలు లేక కూర్చోలేదేమో మరి!

ఎల్-వన్ అంటే ఇవాళ్టి ధర. వస్తువు ఎన్నేళ్లు మన్నుతుంది, ఎంత కరెంటు తాగుతుంది అన్నది ఇంకో పద్దు. ఆ రెండు పద్దులకీ మాటల్లేవు. మాట్లాడుకుంటే ఏమవుతుందో విశాఖ చూసింది. హుద్‌హుద్ తుపాను తర్వాత అక్కడ 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్‌ఈడీలయ్యాయి. ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ముందు పెట్టుబడి పెట్టింది, మిగిలిన కరెంటు డబ్బులోంచి కార్పొరేషన్ వాయిదాలు కట్టేలా ఒప్పందం. పాత దీపాల టెండరే మళ్లీ పిలిచి ఉంటే, తక్కువ ధరకే కొన్నామని సంబరపడేవాళ్లం.

కాబట్టి ఇంకో కమిటీ వద్దు. బిల్లు ఫారంలో ఒక్క గడి చాలు: ‘శిథిలాల సరుకు ఎంత శాతం?’ అది ఖాళీగా ఉంటే బిల్లు ఆపండి. జీడిమెట్ల ఎక్కడుందో మన కాంట్రాక్టర్లకి మర్నాటికల్లా గుర్తొస్తుంది. కొందరు ఆ ప్లాంటు పక్కనే ఆఫీసు తెరిచినా ఆశ్చర్యపోను.